టెన్నిస్ పోటీల్లో పర్ఫెక్షనిజం, తనను తాను తిట్టుకునే అలవాటు: మెట్టు మెట్టుగా అదుపు చేసుకోవడం

రోజర్ ఫెదరర్ కెరీర్‌లో 1,526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో దాదాపు 80 శాతం గెలిచాడు. ఆ మ్యాచ్‌లన్నిటిలో అతను గెలుచుకున్న పాయింట్లు మాత్రం 54 శాతమే. 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో ఈ లెక్క అతనే చెప్పాడు. దీన్ని ఒక మామూలు మ్యాచ్‌కి వేసి చూడండి. 150 పాయింట్ల మ్యాచ్‌లో అంతటివాడు కూడా సుమారు 69 పాయింట్లు పోగొట్టుకుంటాడు. పాయింట్ పోయినప్పుడల్లా తిట్టుకునే అలవాటున్న ఆటగాడైతే, గెలిచిన మ్యాచ్‌లోనే 69 సార్లు తిట్లు తినాలి.

మన ఇళ్లలో 98 మార్కులు తెచ్చుకున్న పిల్లని "ఆ రెండూ ఎక్కడ పోయాయి?" అని అడగడం మామూలే. పరీక్షలో ఆ ప్రశ్నకు ఎంతో కొంత అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ 100కి 100 సాధ్యం. టెన్నిస్‌లో అలాంటి పేపరే లేదు. నెట్‌కి అవతల నిలబడ్డ మనిషి పనే మీతో తప్పులు చేయించడం. స్కూల్లో నేర్చుకున్న లెక్కను కోర్టు మీదికి తెచ్చుకోవడంతోనే చాలామంది జూనియర్లకు చిక్కు మొదలవుతుంది.

ప్రమాణాలు తగ్గించుకోమని ఇక్కడ చెప్పబోవడం లేదు. రోజుకి 200 సర్వ్‌లు కొట్టాలనుకుంటే కొట్టండి. తీసేయాల్సింది తప్పుకు మీరు వేసుకుంటున్న శిక్షని.

ముందు ఏ రకమో తెలుసుకోండి

మనస్తత్వ శాస్త్రంలో పర్ఫెక్షనిజాన్ని రెండు పాయలుగా చూస్తారు. ఎత్తైన ప్రమాణం పెట్టుకుని దానికోసం కష్టపడటం ఒకటి. తప్పు జరుగుతుందేమో, జరిగితే ఎవరేమనుకుంటారో అని దిగులు పడటం రెండోది. మొదటిది ఒక్కటే ఉన్న ఆటగాడికి ఈ మార్గదర్శితో పెద్ద పని లేదు. ఆటను తినేది రెండోదే. కెనడా పరిశోధకులు పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో ఇంకో విభజన చేశారు: నా నుంచి నేనే ఆశించే పరిపూర్ణత, ఇతరుల నుంచి నేను ఆశించేది, ఇతరులు నా నుంచి ఆశిస్తున్నారని నేను అనుకునేది. అండర్-14, అండర్-16 పిల్లల్లో మూడోదాని మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. అక్కడ బరువు మోపుతున్నది సొంత కల కాదు, గ్యాలరీలో కూర్చున్న నాన్న ముఖం.

గుర్తులు ఇలా ఉంటాయి. ప్రాక్టీస్‌లో అద్భుతంగా ఆడతారు, డ్రా షీట్‌లో (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పట్టికలో) పేరు పడగానే చేయి బిగుసుకుంటుంది. ఒక ఈజీ బాల్ మిస్సయితే తర్వాతి మూడు పాయింట్లు వరసగా పోతాయి. తమకంటే ర్యాంకు తక్కువ ఉన్నవాళ్లతో ఆడాలంటే జంకు, పెద్ద సీడ్ (టోర్నమెంట్‌లో పై ర్యాంకు ఇచ్చిన ఆటగాడు) మీద మాత్రం హాయిగా ఆడతారు (ఓడినా పరువు పోదు కదా). 2-5 వెనకబడగానే భుజం నొప్పి గుర్తొస్తుంది. గెలిచి బయటికొచ్చి కూడా మొదటి మాట "చెత్తగా ఆడాను" అనే అంటారు. వీటిలో మూడు కనిపించాయంటే కింది మెట్లు మీకోసమే.

మొదటి మెట్టు: మూడు మ్యాచ్‌ల లెక్క

ఏదీ మార్చకముందు కొలవండి. కొలిచేవాళ్లు తోటి ఆటగాడో, అసిస్టెంట్ కోచో అయితే మంచిది. తండ్రిగానీ తల్లిగానీ కాకపోతేనే మేలు, ఎందుకంటే పుస్తకంలో గీత పడ్డప్పుడల్లా పిల్ల అటే చూస్తుంది.

చిన్న నోట్‌బుక్‌లో పోయిన ప్రతి పాయింట్‌కి ఒక వరస, నాలుగు గడులు. మొదటి గడిలో స్కోరు. రెండో దాంట్లో ఎలా పోయింది: ఎదుటివారి విన్నరా (మనకి అందకుండా పోయిన షాటా), వాళ్లు ఒత్తిడి చేస్తే పడ్డ తప్పా, మన సొంత తప్పా. మూడో దాంట్లో స్పందనకి అంకె: ఏమీ లేకపోతే 0, మాటో తల కొట్టుకోవడమో ఉంటే 1, రాకెట్ విసరడం, బాల్ బాదేయడం, అరవడం ఉంటే 2. నాలుగో గడిలో ఆ తర్వాతి పాయింట్ గెలిచారా, పోయిందా.

మూడు మ్యాచ్‌లు అయ్యాక 0 తర్వాత ఎన్ని పాయింట్లు గెలిచారో, 2 తర్వాత ఎన్ని గెలిచారో పోల్చండి. ఇక్కడ ఒక మోసం ఉంది. ఎదుటివాళ్లు బలమైనవాళ్లయితే కోపమూ ఎక్కువ వస్తుంది, పాయింట్లూ ఎక్కువ పోతాయి. అది కోపం వల్లే పోయినట్టు కనిపిస్తుంది. అందుకే వేర్వేరు మ్యాచ్‌లని కలిపేయకుండా ఒకే మ్యాచ్ లోపల 0, 2ల మధ్య తేడా చూడాలి. 2 పడ్డ సందర్భాలు మొత్తం మీద 20 అయినా లేకపోతే తీర్పు చెప్పకుండా ఇంకో మ్యాచ్ రాయించండి.

ఈ లెక్కకి ఇంకో ప్రయోజనం ఉంది. "తిట్టుకుంటేనే నాకు కసి వస్తుంది" అని గట్టిగా నమ్మే పిల్లలుంటారు. వాళ్లతో వాదించి ప్రయోజనం లేదు. వాళ్ల పుస్తకం వాళ్లకే చూపించండి. కొందరి విషయంలో ఆ నమ్మకం నిజమే అని తేలొచ్చు కూడా: ఒక్కసారి గట్టిగా అరిచి, వెంటనే తేరుకుని ఆడేవాళ్లున్నారు. వాళ్ల జోలికి పోనక్కర్లేదు, నిబంధనలు దాటనంతవరకు. రాకెట్ విసిరినా, బూతు వినిపించినా కోడ్ వయొలేషన్ కింద మొదట హెచ్చరిక, తర్వాత పాయింట్, ఆ తర్వాత గేమ్ పోతుంది.

రెండో మెట్టు: తప్పుల్ని విడదీయడం, టార్గెట్ లోపలికి జరపడం

పర్ఫెక్షనిస్టు దృష్టిలో తప్పులన్నీ ఒకటే. నిజానికి నాలుగు రకాలు.

నిర్ణయం సరైనదే, బాల్ నాలుగంగుళాలు బయటపడింది: చేయాల్సిందేమీ లేదు, మళ్లీ అదే ఆడండి. నిర్ణయమే తప్పు, అంటే బేస్‌లైన్‌కి (కోర్టు వెనక గీతకి) రెండు మీటర్ల వెనక నుంచి లైన్ వెంట విన్నర్‌కి పోయారు: ప్లాన్ మార్చాలి. కాళ్లు ఆలస్యమయ్యాయి: తర్వాతి పాయింట్‌లో స్ప్లిట్ స్టెప్ (ఎదుటివాళ్లు కొట్టే క్షణంలో వేసే చిన్న గెంతు) మీద దృష్టి. ఎదుటివాళ్లు బ్రహ్మాండంగా కొట్టారు: రాకెట్ మీద తట్టి మెచ్చుకుని వదిలేయండి. వీటిలో మ్యాచ్ మధ్యలో మందు వేయగలిగినవి రెండోది, మూడోది మాత్రమే. మొదటి రకం తప్పుకి తిట్టుకుని టెక్నిక్ మార్చబోతేనే అసలు కష్టం మొదలవుతుంది. బాగున్న ఫోర్‌హ్యాండ్‌ని 3-3 దగ్గర మరమ్మతు చేయడానికి కూర్చుంటారు.

తిట్టు కంటే ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటుంది, అది బయటికి కనిపించదు. దాన్ని ప్రాయశ్చిత్త షాట్ అనుకుందాం. ఈజీ బాల్ నెట్‌కి కొట్టాక, తర్వాతి పాయింట్ రెండో బాల్‌కే లైన్ మీద గురిపెట్టి, పోయినదాన్ని ఒక్క దెబ్బతో తిరిగి సంపాదించాలని చూడటం. అది కూడా బయటపడుతుంది. గోరుచుట్టుపై రోకలిపోటు. మీ నోట్‌బుక్‌లో సొంత తప్పు వెనకాలే ఇంకో సొంత తప్పు జంటగా కనిపిస్తుంటే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

దీనికి మందు కోర్టు కొలతల్లోనే ఉంది. సింగిల్స్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, వెడల్పు 8.23. మూల నుంచి మూలకి కొడితే సుమారు 25.15 మీటర్లు, అంటే దాదాపు 1.4 మీటర్లు ఎక్కువ చోటు. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు, పోస్టుల దగ్గర 1.07 మీటర్లు. క్రాస్‌కోర్టు (ఇలా మూల నుంచి మూలకి) కొట్టినప్పుడు బాల్ తక్కువ ఎత్తున్న చోటి మీదుగా, ఎక్కువ పొడవులోకి పోతుంది. కాబట్టి నియమం ఇది: సొంత తప్పు జరిగిన తర్వాతి పాయింట్‌లో మొదటి మూడు బంతులు క్రాస్‌కోర్టు, నెట్‌కి మీటరు పైనుంచి. టార్గెట్ పక్క లైన్‌కి 1 మీటరు లోపల, బేస్‌లైన్‌కి 1.5 మీటర్ల లోపల. ప్రాక్టీస్‌లో కోన్లు లైన్ల మీద కాకుండా సరిగ్గా అక్కడ పెట్టండి. లైన్ మీద కోన్ పెట్టి ఏళ్ల తరబడి ఆడిన పిల్ల, లైన్‌కి అడుగు లోపల పడ్డ మంచి బాల్‌ని కూడా తప్పు కిందే లెక్కేసుకుంటుంది.

పాయింట్లన్నిటి బరువూ ఒకటి కాదన్నది కూడా గుర్తుండాలి. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. కప్పు జొకోవిచ్‌కి వెళ్లింది, మూడు టైబ్రేక్‌లూ (సెట్ సమానమైతే తేల్చే గేమ్‌లు) అతనే గెలిచాడు కాబట్టి. 40-0 దగ్గర (గేమ్ దాదాపు చేతిలో ఉన్నప్పుడు) పోయిన పాయింట్‌కీ 30-40 దగ్గర (ఇంకొకటి పోతే గేమే పోయేటప్పుడు) పోయినదానికీ ఒకే తిట్టు తిట్టుకోవడం లెక్క తెలియకపోవడమే.

మూడో మెట్టు: 25 సెకన్లు

నిబంధనల ప్రకారం పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య గరిష్ఠంగా 25 సెకన్లు ఉంటాయి. మ్యాచ్‌లో బాల్ ఆటలో ఉండే సమయం కన్నా ఈ ఖాళీలన్నీ కలిపితే ఎక్కువ. తిట్లకి చోటు దొరికేది ఇక్కడే కాబట్టి, ఆ చోటుని ముందే వేరే పనితో నింపాలి. అమెరికన్ క్రీడా మనస్తత్వ నిపుణుడు జిమ్ లోయర్ పాయింట్ల మధ్య పెద్ద ఆటగాళ్లు ఏం చేస్తారో పరిశీలించి నాలుగు దశల పద్ధతి రూపొందించాడు. సర్వ్ చేసేవాళ్లకు సరిపడేలా దాన్ని ఇలా వాడుకోవచ్చు.

మొదటి 4 సెకన్లు: నెట్‌కి వీపు తిప్పండి, రాకెట్ ఆడని చేతిలోకి మార్చండి, తల ఎత్తి నడవండి. రాకెట్ చేయి మార్చడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బిగిసిన పిడికిలి విప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

4 నుంచి 12 వరకు: చూపు స్ట్రింగ్స్ మీద. గ్యాలరీ వైపు చూడొద్దు. ముక్కుతో 3 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, నోటితో 5 అంకెలు వదలండి. ఒక్కసారి చాలు. వదలడం పీల్చడం కంటే పొడవుగా ఉండాలి, భుజాలు దిగేది అప్పుడే.

12 నుంచి 18: ఒక్క వాక్యంలో ప్లాన్. "సర్వ్ బాడీకి, తర్వాతి బాల్ బ్యాక్‌హ్యాండ్ మూలకి." అంతే. రెండో వాక్యం వచ్చిందంటే ఆలోచన ఎక్కువైంది.

మిగిలినది: బాల్ బౌన్స్ చేయడం, సర్వ్. ఎన్నిసార్లు బౌన్స్ చేస్తారన్నది మీ ఇష్టం, ఎప్పుడూ అన్నేసార్లే చేయండి.

రిటర్న్ చేసేవాళ్లకి ఇంత సమయం దక్కదు. సర్వర్ న్యాయమైన వేగంతో ఆడుతుంటే రిసీవర్ దానికి తగ్గట్టు సిద్ధంగా ఉండాలి. అందుకని 8 సెకన్ల పొట్టి రకం కూడా నేర్చుకోండి: తిరగడం, ఒక ఊపిరి, ఒక మాట ("కాళ్లు" లేదా "లోతు"). చైర్ అంపైర్ లేని ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) జూనియర్ టోర్నమెంట్లలో బంతులు మీరే ఏరుకోవాలి, స్కోరు మీరే చెప్పాలి, లైన్ కాల్స్ మీద చికాకు సరేసరి. ఇంటి అకాడమీలో బాల్ బుట్ట పక్కన పెట్టుకుని నేర్చిన రొటీన్ అక్కడ చెదిరిపోతుంది. బంతి ఏరడానికి నడిచే ఆ పది అడుగుల్నే ఊపిరికి వాడుకునేలా సాధన చేయాలి.

తరచూ జరిగే పొరపాట్లు రెండు. పాయింట్ పోయినప్పుడే రొటీన్ చేయడం ఒకటి. అలా చేస్తే రొటీన్ మొదలుపెట్టడమే "తప్పు చేశాను" అన్న గుర్తవుతుంది. గెలిచిన పాయింట్ తర్వాత కూడా అదే చేయాలి. రెండోది పర్ఫెక్షనిస్టులకే ప్రత్యేకం: రొటీన్‌ని కూడా పర్ఫెక్ట్‌గా చేయాలనుకుని, ఒక అడుగు మర్చిపోతే దానికీ తిట్టుకోవడం. నవ్వొచ్చినా ఇది చాలా మామూలుగా జరిగేదే. పదింట్లో ఏడుసార్లు చేస్తే పూర్తిగా చేసినట్టే అని మొదటి రోజే కోచ్ చెప్పేయాలి.

చేంజోవర్‌లో (కోర్టు వైపులు మారే విరామంలో) 90 సెకన్లుంటాయి (సెట్‌లో మొదటి గేమ్ తర్వాత కూర్చోనివ్వరు). మొదటి 30 సెకన్లు తువ్వాలు, నీళ్లు. తర్వాత రెండు ప్రశ్నలే: వాళ్లకి పాయింట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నాకు ఎక్కడి నుంచి వస్తున్నాయి? "ఎందుకిలా ఆడుతున్నాను" అన్న ప్రశ్నకు కుర్చీలో జవాబు దొరకదు. ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆడుతుంటే రెండో సెట్‌లో వచ్చే చిరాకు సగం దాహమే కావచ్చు, ముందు ఉప్పు కలిపిన నీళ్లు తాగి చూడండి.

నాలుగో మెట్టు: మాట మార్చడం

1994లో జూడీ వాన్ రాల్టే బృందం 24 మంది జూనియర్ ఆటగాళ్లని పోటీ మ్యాచ్‌ల్లో గమనించి, వాళ్లు బయటికి అనుకునే మాటల్ని నమోదు చేసింది. తమని తాము తిట్టుకోవడానికీ ఓటమికీ సంబంధం కనిపించింది. తమని తాము మెచ్చుకోవడానికీ గెలుపుకీ మాత్రం కనిపించలేదు. మన పిల్లలకిది మంచి కబురు. "నేను బెస్ట్, నేను ఛాంపియన్" అని నమ్మకం లేకుండా వల్లించనక్కర్లేదు. పొగడ్త పెంచడం కన్నా తిట్టు తగ్గించడం మీద పని చేయండి.

తిట్టుని ఉత్తినే ఆపమంటే ఆగదు, దాని స్థానంలో ఇంకో మాట ఉండాలి. తీర్పు చెప్పే మాట తీసేసి, జరిగింది చెప్పే మాట ఒకటి, చేయాల్సింది చెప్పే మాట ఒకటి పెట్టండి.

"ఛీ, ఈ మాత్రం బాల్ కొట్టలేనా!" అనేదానికి బదులు "లేటయ్యాను. భుజం ముందే తిప్పు."

"మళ్లీ డబుల్ ఫాల్టా, నేను వేస్ట్" (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) బదులు "టాస్ వెనక్కి పడింది. ముందుకి వెయ్యి." (టాస్ అంటే సర్వ్‌కి బాల్ పైకి వేయడం.)

"వీడి చేతిలో ఓడిపోతే పరువు పోతుంది" బదులు "స్కోరు 3-4. రిటర్న్ మధ్యలోకి."

తనతో తాను "నేను" అని కాకుండా పేరు పెట్టో, "నువ్వు" అనో మాట్లాడుకుంటే ఒత్తిడిలో కొంత ఎడం దొరుకుతుందని ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. అందుకే పైన ఆదేశాలన్నీ ఎదుటి మనిషికి చెప్పినట్టు ఉన్నాయి.

మాటలు ఎంచుకునేటప్పుడు కోచ్‌లు మర్చిపోయే సంగతి ఒకటుంది. పిల్లలు ఏ భాషలో తిట్టుకుంటారో బదులు మాట కూడా ఆ భాషలోనే ఉండాలి. హైదరాబాద్ కోర్టుల్లో ఒకే గేమ్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ వినిపిస్తాయి. హిందీలో తిట్టుకునే కుర్రాడికి చక్కటి తెలుగు వాక్యం రాసిస్తే అది బ్యాగులోనే ఉండిపోతుంది. మూడు తిట్లు, వాటికి మూడు బదులు మాటలు వాళ్ల చేతే రాయించి, ఒక్క మాట మాత్రం టేపు మీద రాసి రాకెట్ గొంతు (పిడికీ తలకీ మధ్య భాగం) మీద అంటించండి.

ఐదో మెట్టు: ప్రాక్టీస్‌ని మార్చడం

ఇది చేయకుండా మిగతావన్నీ చేస్తే రెండు టోర్నమెంట్లకు మించి నిలవవు. మన అకాడమీల్లో చాలా చోట్ల "వరసగా 10 లోపల పడితేనే అయిపోయినట్టు, మిస్సయితే మళ్లీ ఒకటి నుంచి" అనే డ్రిల్ ఉంటుంది. క్రమశిక్షణగా కనిపించే ఈ డ్రిల్ నేర్పేది తొమ్మిదో బాల్ దగ్గర చేయి బిగించుకోవడమే. ఒక తప్పు ముందటి ఎనిమిది మంచి బంతుల్ని చెరిపేస్తుందని ఒంటికి అలవాటవుతుంది. దాని బదులు "20కి 14" పెట్టండి. మిస్సయిన తర్వాతి బాల్ ఎలా ఆడారన్నది విడిగా చూడండి. మొదటి సర్వ్‌కైతే 10కి 6 చాలు, ప్రొఫెషనల్ ఆటగాళ్లు తిరిగేది కూడా 60 నుంచి 65 శాతం దగ్గరే.

వారానికి రెండు సెషన్లలో ఈ ఆటలు కలపండి. ప్రతి గేమ్ 0-30 నుంచి మొదలయ్యే సెట్: సర్వర్‌కి వెనకబడటం అలవాటవుతుంది. ఒకే సర్వ్ సెట్: రెండో సర్వ్ ఉండదు కాబట్టి అందమైన ఫ్లాట్ సర్వ్ మానుకుని స్పిన్‌తో లోపల వేయడం నేర్చుకుంటారు. పోయిన పాయింట్ తర్వాత రొటీన్ పూర్తి చేస్తే అదనంగా ఒక పాయింట్ ఇచ్చే టైబ్రేక్. చేయకపోతే పాయింట్ కోసేసే పద్ధతి మాత్రం వద్దు, శిక్ష తగ్గించడానికి శిక్ష పెట్టినట్టవుతుంది.

వీటన్నిటికన్నా పనిచేసేది వికారంగా ఆడే సెట్. పాత బంతులు, గాలి వీచే మధ్యాహ్నం, విన్నర్ కొడితే పాయింట్ లెక్కలోకి రాదు. ఎత్తుగా లోతుగా వేయడం, స్లైస్, మధ్యలోకి ఆడి విసిగించడం, ఇవే దారులు. పర్ఫెక్షనిస్టు పిల్లలు మొదట్లో దీన్ని అవమానంగా తీసుకుంటారు. ఆండ్రీ ఆగస్సీ సంగతి చెప్పండి. ప్రతి షాట్‌నీ పరిపూర్ణంగా కొట్టాలనుకునే ఆగస్సీ, 1994లో బ్రాడ్ గిల్బర్ట్‌ని కోచ్‌గా పెట్టుకున్నాడు. ఎదుటివాళ్ల బలహీనతల మీద ఆడి అందం లేకుండానైనా గెలవడమే గిల్బర్ట్ చదువు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌ని ఆగస్సీ సీడ్‌ల జాబితాలో లేకుండానే గెలిచాడు.

టోర్నమెంట్‌కి 10 రోజుల ముందు నుంచి గ్రిప్, టాస్, స్వింగ్‌లలో మార్పులు ఆపేయండి.

అన్నీ మనసు మీదికి నెట్టొద్దు

2022లో టెన్నిస్ క్రీడాకారిణి అరినా సబలెంకా 400కి పైగా డబుల్ ఫాల్టులు చేసింది. కోర్టులోనే కన్నీళ్లు పెట్టుకున్న మ్యాచ్‌లున్నాయి. మానసిక బలహీనత అని బయటివాళ్లు తేల్చేశారు. ఆ ఏడాదే ఆమె గావిన్ మెక్‌మిలన్ అనే బయోమెకానిక్స్ నిపుణుడితో సర్వ్ కదలికని సరిచేసుకుంది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది.

ఒకే షాట్ పదేపదే విఫలమవుతూ, ఆ షాట్ దగ్గరే తిట్లు మొదలవుతుంటే ముందు వీడియో తీయండి. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, ఫోన్‌లో స్లో మోషన్ చాలు. ఒత్తిడి లేని ప్రాక్టీస్‌లో కూడా అదే తప్పు కనిపిస్తే అది టెక్నిక్ సమస్య. పిల్లకి "మనసు గట్టి చేసుకో" అని చెప్పడం అన్యాయం.

ఆరో మెట్టు: మ్యాచ్ అయ్యాక

మొదటి 30 నిమిషాలు ఆట గురించి మాట లేదు. నీళ్లు, తిండి, స్ట్రెచింగ్. జూనియర్ టోర్నమెంట్లలో సింగిల్స్ ఓడిన మధ్యాహ్నమే డబుల్స్ ఉండటం మామూలు కాబట్టి ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు, అవసరం.

తర్వాత 10 నిమిషాలు నోట్‌బుక్. మూడు వరసలే: పనిచేసినది ఒకటి, పనిచేయనిది ఒకటి, ఈ వారం ప్రాక్టీస్‌లో చేయాల్సింది ఒకటి. పనిచేయనివి ఐదు రాయాలనిపిస్తుంది, రాయొద్దు. ఓడిన మ్యాచ్ వీడియో ఆ రాత్రి చూడొద్దు, మర్నాడు కోచ్‌తో కలిసి చూడండి.

తిట్టు రాత్రి దాకా వెంటాడితే ఇంకో పని. మీ డబుల్స్ జోడీ ఇదే మ్యాచ్, ఇదే స్కోరుతో ఓడిపోయి మీకు ఫోన్ చేస్తే ఏమంటారో ఐదారు వాక్యాల్లో రాయండి. తర్వాత అది మీకే రాసినట్టుగా చదవండి. తమని తాము బాగా విమర్శించుకునే క్రీడాకారిణులతో అంబర్ మోస్‌విచ్ బృందం ఇలాంటి రాత పనిని వారం రోజులు చేయించి 2013లో ఫలితాలు ప్రచురించింది. స్వీయవిమర్శ, జరిగినదాన్నే తవ్వుకోవడం, తప్పుల గురించిన దిగులు తగ్గాయి. మొదటి రెండు రోజులు ఇది కృత్రిమంగా అనిపిస్తుంది. నాలుగో రోజుకీ అలాగే ఉంటే రాయడం మానేసి జోడీకే నిజంగా ఫోన్ చేయండి, అదీ పనిచేస్తుంది.

అమ్మానాన్నలకు

కారులో ఇంటికొచ్చే దారి ఈ సమస్యకి పుట్టిల్లు. అక్కడ అనకూడని మాటలు మూడు: "ఆ ఈజీ బాల్ ఎలా వదిలేశావ్?", "వాడి మీద ఓడిపోయావేంటి?", "ఇంత ఖర్చు పెడుతున్నాం, తెలుస్తోందా?" మూడోది అన్నిటికన్నా బరువైనది. కోచింగ్ ఫీజు, స్ట్రింగ్స్, రైలు టికెట్లు, హోటల్ గది, ఇవన్నీ నిజమైన భారమే. ఆ సంభాషణ తప్పనిసరి అయితే సీజన్ మొదట్లో ఇంట్లో కూర్చుని ఒకసారి చేయండి. ఓటమి రోజున చేస్తే ప్రతి పాయింట్‌కీ రూపాయల్లో ధర కట్టినట్టే.

అడగాలనిపిస్తే "ఆకలేస్తోందా బంగారం?" అని అడగండి. మ్యాచ్ మాట పిల్ల ఎత్తితే వినండి, సలహా కోచ్ చెప్తారు. మ్యాచ్ జరుగుతుంటే పాయింట్ గెలిచినా పోయినా ఒకే ముఖం. గెలిచినప్పుడు లేచి చప్పట్లు కొట్టి, పోయినప్పుడు తల పట్టుకునే నాన్న కంటే న్యూస్‌పేపర్ చదువుకునే నాన్న నయం.

ఎప్పుడు నిపుణుల దగ్గరికి

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం లేదా బరువు గురించి అతిగా పట్టించుకోవడం, మ్యాచ్ ముందు వాంతులు, రాకెట్‌తో తన కాలినో తలనో గట్టిగా కొట్టుకోవడం, "నేను లేకపోతేనే నయం" లాంటి మాటలు. వీటిలో ఏది కనిపించినా పై మెట్లతో కాలయాపన చేయొద్దు. క్లినికల్ సైకాలజిస్ట్‌నో సైకియాట్రిస్ట్‌నో కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇది ఆటకి అడ్డని భయపడే తల్లిదండ్రులకి ఒక్క విషయం: టెన్నిస్ క్రీడాకారిణి ఇగా స్వియాటెక్ 2019 నుంచి మనస్తత్వ నిపుణురాలు డారియా అబ్రమోవిచ్‌తో పనిచేస్తూ, 2020లో 19 ఏళ్లకే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది.

ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి

అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం పర్ఫెక్షనిస్టు చేసే మొదటి పని, కాబట్టి వద్దు. మొదటి రెండు వారాలు లెక్క రాయడం, కోన్లు లోపలికి జరపడం. మూడు, నాలుగు వారాల్లో 25 సెకన్ల రొటీన్, ప్రాక్టీస్ సెట్లలో మాత్రమే. ఐదో వారం బదులు మాటలు కలపండి. ఆరో వారం టోర్నమెంట్‌లో వాడండి, వీలైతే ముందు డబుల్స్‌లో, పక్కన మనిషి ఉంటాడు కాబట్టి తిట్టు సగం దానంతటదే తగ్గుతుంది. ఆ మ్యాచ్‌ల్లో మళ్లీ నోట్‌బుక్ రాయించి, మొదటి మూడు మ్యాచ్‌ల పక్కన పెట్టండి. 1 గుర్తులు అలాగే ఉండి 2 గుర్తులు తగ్గితే పద్ధతి పట్టుబడుతున్నట్టే. 2 తగ్గి కూడా సొంత తప్పులు జంటలు జంటలుగా పడుతూనే ఉంటే రొటీన్ జోలికి పోకుండా రెండో మెట్టుకి వెళ్లి, తప్పు తర్వాతి పాయింట్‌లో మొదటి మూడు బంతులు ఎక్కడ పడుతున్నాయో చూడండి.